ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వరాదు

"ఇల్లు కాలుచుండగా బావి త్రవ్వినట్లు" అని మన పెద్దలు ఒక సామెత చెప్పుదురు. నూనె ధర పెరిగినప్పుడెల్ల మనము చేయుచున్న పని సరిగా ఇట్టిదే. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు కొరత వచ్చిన సంవత్సరమున దేశమంతట గోబరు గ్యాసును గూర్చి, సూర్యశక్తిని గూర్చి, గాలిమరలను గూర్చి సభలు జరుగును. పథకములు వెలువడును. పత్రికలు వ్యాసములు ప్రకటించును. ధర దిగినంతనే సభలు ముగియును. కట్టిన యంత్రములు తుప్పుపట్టును. మరల పదేండ్లకో పదిహేనేండ్లకో కొరత వచ్చును. అప్పుడు మరల మొదటినుండి ఆరంభింతుము. ఈ అలవాటు వలన అందరికంటె ఎక్కువ నష్టపడువాడు రైతు.

ఈ వ్యాసములో చెప్పదలచినది ఒక్కటే. కొరత వలన పుట్టిన ఉత్సాహము యంత్రమును తెచ్చిపెట్టగలదు గాని దానిని నిలుపలేదు. నిలుపునవి మూడు: ఇంధనము చేతికందు చోట దొరకుట, దాని అవసరము ప్రతిదినము ఉండుట, చెడినప్పుడు బాగుచేయువాడు దగ్గర ఉండుట. ఈ మూడును కలిసిన చోట ప్రత్యామ్నాయ ఇంధనము నూనె ధర పెరిగినను తగ్గినను నడచుచునే యున్నది. ఒక్కటి లోపించినను మూలబడినది. ఇందుకు నిదర్శనములను దూరదేశములందు వెదకనక్కరలేదు. మన కరీంనగరు ప్రాంతముననే కలవు.

తాళపుచెవి ఊరు దాటినది

పత్తి అమ్మకపు కాలములో జమ్మికుంట మార్కెట్టు యార్డు ఎదుట కొంతసేపు నిలిచి చూడవలెను. పత్తి నింపిన ట్రాలీలు, వ్యానులు బారులు తీరి యుండును. ఆ పత్తి దుక్కినుండి తూకము వరకు డీజిలు మీదనే నడచి వచ్చినది. నేల దున్నినది ట్రాక్టరు. మందు చల్లినది చాలచోట్ల పెట్రోలు పంపు. మార్కెట్టునకు చేర్చినది డీజిలు బండి. ఎరువు సంగతి తరువాత చెప్పుదును. అదియు ఒక విధముగా ఇంధనమే.

పూర్వము మన వైపు బావులపై మోట తోలెడివారు. ఎద్దులు తినునది జొన్నచొప్ప, వరిగడ్డి. ఆ మేత మన చేలోనిదే. మోట పోయి ఆయిలు ఇంజను వచ్చినది. ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చినది. నాగలి స్థానమున ట్రాక్టరు నిలిచినది. ఇందువలన రైతు వీపుమీది బరువు తగ్గినదనుటలో సందేహము లేదు. మోటకాలము మరల రావలెనని కోరువాడు ఎన్నడును మోట తోలి యుండడు. అయితే సుఖముతో పాటు మరియొక మార్పు కూడ వచ్చినది. ఇంధనపు గది తాళపుచెవి మొదట ఊరు దాటినది, పిదప జిల్లా దాటినది, చివరకు సముద్రము దాటినది. మన దేశము వాడుకొను ముడిచమురులో నూటికి 85 పాళ్లకు పైగా విదేశములనుండియే వచ్చుచున్నది. వంటగ్యాసులో సహితము సగమునకు పైగా దిగుమతియే. ఎక్కడో ఇద్దరు పోట్లాడుకొన్నచో మన పొయ్యి మీద కుండ దిగవలసిన స్థితి ఇందువలననే ఏర్పడినది.

కొరతలు వచ్చిన విధము

రెండవ ప్రపంచ యుద్ధకాలమున మన దేశములో పెట్రోలు రేషను ఏర్పడినది. అప్పుడు బస్సుల వెనుక ఇనుప కొలిమి వంటి దానిని అమర్చి, కట్టెబొగ్గు రాజేసి, దాని నుండి వచ్చు వాయువుతో ఇంజను నడిపిరి. వీనినే జనులు బొగ్గు బస్సులనిరి. బస్సు కదలుటకు ముందు క్లీనరు చాలసేపు పంకా త్రిప్పవలసి వచ్చెడిదనియు, ఎత్తు ఎక్కలేక ఆగినప్పుడు ప్రయాణికులే దిగి త్రోయుచుండిరనియు పాతతరము వారు చెప్పెడివారు. 1945లో యుద్ధము ముగిసినది. కొలది సంవత్సరములలో పెట్రోలు మామూలుగా దొరకజొచ్చినది. కొలుములను ఊడదీసి పాత ఇనుము క్రింద వేసిరి. ఆ యంత్రమును మెరుగుపరచి నూరు నూనె ఇంజనులకైన దగ్గరచేయవలెనని తలచినవారు అరుదు.

1973 అక్టోబరులో పశ్చిమాసియాలో యుద్ధము జరిగినది. అరబ్బు దేశములు చమురు సరఫరాను తగ్గించినవి. పీపా ఒకటికి సుమారు 3 డాలర్లుండిన ధర 1974 ఆరంభమునకు సుమారు 12 డాలర్లకు చేరినది. అనగా నాలుగు రెట్లు. ఆ పోటు మన చేనికి వచ్చిన దారి రైతులు తెలిసికొనదగినది. 1973 అక్టోబరులో టన్నుకు 1,050 రూపాయలున్న యూరియా ధర 1974 జూనులో 2,000 రూపాయలైనది. చమురు బావిని కంట చూడని రైతు కూడ ఆ సంవత్సరము చమురు ధర చెల్లించినాడు.

తరువాత 1979లో ఇరాను విప్లవము వలన రెండవ పోటు వచ్చినది. 1990లో కువైటు ఆక్రమణ వలన మరియొకటి. 2008 జూలైలో పీపా ధర 147 డాలర్ల వరకు పోయినది. 2022లో ఉక్రెయిను యుద్ధము వలన చమురుతో పాటు సహజవాయువు ధరయు మండినది. అర్ధశతాబ్దములో అయిదు పోటులు, సగటున పదేండ్లకొకటి. ఏడేండ్లకొకసారి వాన ముఖము చాటువేయునని తెలిసిన రైతు గాదెలో గింజలు మిగుల్చుకొనును. పదేండ్లకొకసారి ఇంధనపు కరువు వచ్చునని ఇన్ని అనుభవములైన పిదప గూడ మనము మిగుల్చుకొన్నదేమి అని ప్రశ్నించుకొనవలెను.

మా ఇంటి డ్రమ్ము

గోబరు గ్యాసు 1973లో పుట్టినది కాదు. 1939 నాటికే ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయమున పశువుల పెండనుండి మండు వాయువును తీయు ప్రయోగములు జరిగినవి. 1950 ప్రాంతమున జష్‌భాయి పటేలు గారు తేలు డ్రమ్ము గల యంత్రమును రూపొందించి దానికి గ్రామలక్ష్మి అని పేరిడిరి. 1960 తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమీషను దానిని ప్రచారము చేసినది. అంతవరకు ఊరికొకరైన కట్టినవారు లేరు. నూనె ధర పెరిగిన తరువాతనే అందరి దృష్టి దానిపై పడినది. 1981-82లో జాతీయ బయోగ్యాసు పథకము ఏర్పడినది. ఆ పిమ్మట దేశమంతట లక్షల కొలదిగా కట్టబడినవి.

ఆ ఊపులోనే జమ్మికుంట సమీపమున మా ఊరిలోను కొన్ని లేచినవి. అందులో ఒకటి మా ఇంటిది. అప్పుడు మాకు రెండు జతల ఎడ్లు, మూడు బర్రెలు ఉండెను. ఉదయమున తొట్టిలో పెండ, నీరు సమపాళ్లలో కలిపి వదలుట నా పని. నీలిమంట మీద అన్నము వండుట చూచుటకు ఇరుగుపొరుగు స్త్రీలు వచ్చిరి. పొగ లేకపోవుట చూచి మా తల్లి, "ఇన్నేండ్లు కండ్లు పోగొట్టుకొంటిమి గదా" అన్నది. ఆ మాట నాకు నేటికిని గుర్తున్నది.

ఆరేడు సంవత్సరములు అది చక్కగా నడచినది. పిదప డ్రమ్ము తుప్పుపట్టినది. పెండనీరు, గాలి రెండును తగులు అంచున ఇనుము త్వరగా తినివేయబడును. ఏటేట డ్రమ్మును కడిగి రంగు వేయవలెనని కట్టినవారు మాకు చెప్పలేదు, మేము అడుగలేదు. చిల్లి చిన్నదిగా ఉన్నప్పుడు వెల్డింగు చేయువానిని పిలిచితిమి. గ్యాసు డ్రమ్మునకు నిప్పు చూపుటకు అతడు భయపడినాడు. అతని భయము న్యాయమైనదే. డ్రమ్మును వెలికి తీసి, గ్యాసు పూర్తిగా పోగొట్టి, నీటితో కడిగిన మీదటనే అంటించవలెను. ఆ సంగతి తెలిసిన మనిషి చుట్టుప్రక్కల లేడు. కార్యాలయమునకు రెండుమార్లు తిరిగితిమి. కొత్తది కట్టుటకు సహాయము కలదనిరి గాని పాతది బాగుచేయుటకు ఏమియు లేదనిరి. తుదకు డ్రమ్ము దూడలకు కుడితి తొట్టి అయినది. గుంతను మట్టితో పూడ్చితిమి. మా తల్లి మరల కట్టెల పొయ్యి దగ్గర కూర్చున్నది.

ఆ డ్రమ్ము చెడినది పెండ లేక కాదు, అవసరము లేక కాదు, ఉపయోగము తెలియక కాదు. బాగుచేయువాడు లేక చెడినది. ఆ కాలమున నూనె ధరయు దిగి యుండుటచేత దాని గూర్చి పట్టించుకొను తొందర ఎవరికిని లేకపోయినది. లెక్కలలో మాత్రము మా యంత్రము కట్టినవాని క్రింద చాలకాలము నిలిచియే యుండునని నా అనుమానము.

రామగుండము చెప్పు పాఠము

చిన్న యంత్రములకే గాక పెద్ద కర్మాగారములకును ఈ సూత్రము వర్తించును. జమ్మికుంటలో రైలెక్కినచో అదే మార్గమున పెద్దపల్లి దాటి రామగుండము చేరుదుము. యూరియాను తయారుచేయుటకు గాలిలోని నత్రజనితో పాటు ఉదజని కావలెను. ఆ ఉదజనిని నాఫ్తా నుండి గాని, సహజవాయువు నుండి గాని, బొగ్గునుండి గాని తీయవలెను. కనుక యూరియా బస్తా యనగా తెల్లని గింజలుగా మారిన ఇంధనమే. సింగరేణి బొగ్గు చెంతనే యుండగా విదేశపు చమురు మీద ఆధారపడనేల యను తలంపుతో రామగుండములో బొగ్గుతో యూరియా చేయు కర్మాగారమునకు 1970లో శంకుస్థాపన జరిగినది. ఇది కొరత రాకముందే చేసిన ఆలోచన యగుటచేత మెచ్చదగినది. 1980 నవంబరులో ఉత్పత్తి ఆరంభమైనది. సంవత్సరమునకు సుమారు 5 లక్షల టన్నుల యూరియా చేయగల శక్తి దానికి కలదు.

అయితే మొదటి రెండు షరతులు నెరవేరినను మూడవది నెరవేరలేదు. బొగ్గు చెంతనే కలదు. ఎరువునకు గిరాకీ ఎదుటనే కలదు. కాని మన బొగ్గులో బూడిద అధికము. విద్యుత్తు అంతరాయములు తరచుగా వచ్చినవి. విదేశపు పద్ధతిలో నిర్మించిన యంత్రములు మాటిమాటికి ఆగినవి. కర్మాగారము తన శక్తికి చాల తక్కువగానే పనిచేసినది. ఇంతలో దేశమున సహజవాయువు దొరకి, దానితో చేసిన యూరియా చవుక అయినది. 1999 మార్చి 31న రామగుండము కర్మాగారము మూతపడినది. ఇరువది రెండేండ్ల తరువాత, 2021 మార్చిలో, అచ్చటనే కొత్త కర్మాగారము పనిలోనికి వచ్చినది. దాని శక్తి సంవత్సరమునకు 12.7 లక్షల టన్నులు. కాని ఇది బొగ్గుతో కాదు, గొట్టము ద్వారా వచ్చు సహజవాయువుతో నడచునది. మన ఎరువుల కర్మాగారములు వాడు సహజవాయువులో అధికభాగము విదేశములనుండి ఓడలలో వచ్చుచున్నది. తాళపుచెవి ఒకమారు సింగరేణికి వచ్చి, నిలువలేక, మరల సముద్రము దాటినది.

దీని ఫలితము రైతునకు ధర రూపమున కానరాదు. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలకే అమ్మబడుచున్నది. మిగిలిన భారమును కేంద్ర ప్రభుత్వము సబ్సిడీగా భరించుచున్నది. 1974లో వలె రైతు ధర చెల్లించుట లేదు గాని వరుసలో నిలుచుచున్నాడు. 2025 వానాకాలములో రామగుండము కర్మాగారమున ఉత్పత్తికి అంతరాయములు కలిగినవి. విదేశములనుండి వచ్చు సరకును ఆలస్యమైనది. ఆ రోజులలో యూరియా కొరకు మన జిల్లాలలో రైతులు పాసుపుస్తకములను, చెప్పులను వరుసలో పెట్టి తెల్లవారువరకు కాచుకొనిరి. ఇంధనపు కొరత ఒక్కొక్కప్పుడు ధరగా రాదు; బారుగా వచ్చును.

పేరు లేని ప్రత్యామ్నాయము

ఇక నిలిచిన దానిని చూతము. కరీంనగరు, పెద్దపల్లి ప్రాంతములందు ఉప్పుడు బియ్యపు మిల్లులు అనేకము కలవు. వడ్లు ఉడికించుటకు ఆవిరి కావలెను. ఆ ఆవిరికి మిల్లువారు డీజిలు కాల్చుట లేదు. మర ఆడించగా వచ్చిన ఊకనే బాయిలరు క్రింద వేయుదురు. నూరు కిలోల వడ్లకు సుమారు 20 కిలోల ఊక వచ్చును. దానిని ఎవరును ప్రత్యామ్నాయ ఇంధనమని పిలువలేదు. దాని కొరకు సభ జరుగలేదు. 1986లో చమురు ధర పడిపోయినప్పుడు గాని 2020లో పడిపోయినప్పుడు గాని ఊక బాయిలరును ఆపినవారు లేరు.

ఏల ఆగలేదు? ఇంధనము మిల్లులోనే పుట్టుచున్నది. ఆవిరి ప్రతిదినము కావలసియున్నది. బాయిలరు చెడినచో దానిని ఎరిగిన మేస్త్రీ ఆ వీధిలోనే కలడు. ఏలననగా అట్టి బాయిలర్లు ప్రక్క మిల్లులందును కలవు. మూడు షరతులును ఒక్కచోట కూడినవి. ఊక బూడిద, పొగ వలన చుట్టుప్రక్కల వారికి బాధ కలదనుట నిజమే; దానిని అదుపులో పెట్టుట మిల్లువారి విధి. కాని ఒకనాడు పారబోసిన ఊకకు నేడు వెల వచ్చినదన్న సంగతి రైతులు గమనింపవలెను. వాడుక స్థిరపడినచో వ్యర్థపదార్థమునకును ధర పుట్టును.

పెండ కలుపువారెవరు?

ఈ మాటలు చెప్పినప్పుడు మా ఊరి యువరైతు ఒకడు నవ్వి, "గ్యాసు బండ ఇంట్ల ఉండంగ పెండ ఎవరు కలుపుతరు సారూ?" అని అడిగినాడు. ఈ ప్రశ్నను త్రోసివేయరాదు. వంటగ్యాసు వచ్చి స్త్రీల కండ్లను, ఊపిరితిత్తులను కాపాడినది. ట్రాక్టరు వచ్చిన పిదప చాల ఇండ్ల కొట్టములు ఖాళీ అయినవి. పశువులు లేని ఇంట గోబరు గ్యాసు కట్టించుట డబ్బు గుంతలో పోయుటయే. లక్ష్యము నింపుటకై అట్టివారిచేత కట్టించిన అధికారి మేలు చేసినవాడు కాడు.

కాని నాలుగైదు పశువులున్న ఇంటి లెక్క వేరు. రెండు ఘనమీటర్ల యంత్రమునకు దినమునకు సుమారు 50 కిలోల పెండ, అంతే నీరు కావలెను. దాని నుండి వచ్చు గ్యాసు సుమారు 900 గ్రాముల వంటగ్యాసునకు సమానము. అనగా పదునారు దినములకు 14.2 కిలోల బండ ఒకటి కొట్టములోనే తయారగును. నలుగురైదుగురు గల కుటుంబపు వంటకు ఇది చాలును. పెండ పోయినదా? పోలేదు. వెలికి వచ్చు పెండనీరు మంచి ఎరువు. ఎండలో కుప్పపోసిన పెంటలో ఆవిరియై పోవు నత్రజని దీనిలో చాలవరకు నిలుచును. యూరియా వరుసలో నిలిచిన రైతునకు ఈ మాట విలువ తెలియును. తుప్పుబాధ లేని మార్గమును కలదు. 1984లో రూపొందిన దీనబంధు నమూనాలో ఇనుప డ్రమ్ము లేదు. ఇటుక, సిమెంటుతో కట్టిన గుమ్మటమే గ్యాసును పట్టి యుంచును. అయితే లోపలి పూత నేర్పుగల మేస్త్రీ చేయవలెను. సన్నని పగులు చాలు, గ్యాసు కనబడకుండ పోవును.

జమ్మికుంటకు చేరువనున్న ముల్కనూరులో 1956లో స్థాపింపబడిన సహకార సంఘము దేశమున పేరెన్నికగన్నది. అచ్చటనే 2002లో మహిళల పాల సహకార సంఘమును ఏర్పడినది. పాలు పోయువారు ఉన్నచోట పశువులు కలవు. పశువులున్న చోట పెండ కలదు. సంఘమున్న చోట ఒక మేస్త్రీకి జీతమిచ్చి ఊరూర త్రిప్పగల శక్తి కలదు. గోబరు గ్యాసు ఒంటరి రైతు ఇంట చెడిపోవుటకును, పాలసంఘము నీడన నిలుచుటకును గల తేడా ఇదియే. మన పాలకేంద్రములన్నియు ఈ బాధ్యతను ఆలోచింపవలెను.

పత్తికట్టె, సూర్యశక్తి

మన ప్రాంతమునకు చెందిన మరియొక ఇంధనము పత్తికట్టె. ఎకరమునకు సుమారు ఒక టన్ను ఎండుకట్టె దిగును. దాని వేడిమి దిగువ తరగతి బొగ్గు వేడిమికి ఇంచుమించు సమానము. పూర్వము పొయ్యిలోనికి పోయెడిది. నేడు ఎక్కువభాగము చేలలోనే కాల్చివేయబడుచున్నది. కట్టెను ముక్కలు చేసి అచ్చులుగా ఒత్తి బాయిలర్లకు వాడు పద్ధతిని కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ చూపినది. కాని ఇందులో ఒక హెచ్చరిక అవసరము. పత్తికట్టెను నెలల తరబడి చేను గట్టున కుప్పవేసినచో గులాబిరంగు పురుగు అందులో తలదాచుకొని మరుసటి పంటను పట్టును. కనుక కట్టెను కొనువాడు, ముక్కలు చేయు యంత్రము ముందుగా సిద్ధపడిన తరువాతనే నిలువచేయవలెను. లేనిచో పంట ముగిసినంతనే కట్టెను తునకలు చేసి నేలలో కలియదున్నుట మేలు. బజారు లేని ఇంధనము చెత్తయే.

సూర్యశక్తి విషయములోను గుడ్డి ఉత్సాహము కూడదు. 2018 జనవరి 1 నుండి రాష్ట్రమున వ్యవసాయమునకు 24 గంటల ఉచిత విద్యుత్తు అమలులోనికి వచ్చినది. కరెంటు గల బావిమీద సోలారు పంపు పెట్టుమనిన రైతు వినడు, అతనిని నిందింపరాదు. లైను చేరుట కష్టమైన ఆదిలాబాదు అటవీ గ్రామములందు సోలారు పంపు నిజముగా అక్కరకు వచ్చును. అటవీ హక్కులు పొందిన గిరిజన రైతుల కొరకు 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించిన ఇందిర సౌర గిరి జల వికాసము ఈ దిశలోనిదే. పంట పండని నేల, దగ్గరలో సబ్‌స్టేషను ఉన్నవారు 2019లో వచ్చిన కుసుమ్ పథకము క్రింద 500 కిలోవాట్లనుండి 2 మెగావాట్ల వరకు కేంద్రము పెట్టి విద్యుత్తును అమ్మవచ్చును. పంట పండు నేలను మాత్రము ఇందుకు ఈయరాదు.

రామగుండములో ఎన్‌.టి.పి.సి. వారు జలాశయముపై తేలు 100 మెగావాట్ల సోలారు కేంద్రమును 2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోనికి తెచ్చిరి. సుమారు 500 ఎకరముల నీటిపై పలకలు పరచబడినవి. నేల పోలేదు, నీరు ఆవిరియగుటయు తగ్గినది. అది నడచుటకు కారణమేమి? విద్యుత్తును అందుకొను లైనులు, చూచుకొను ఇంజనీర్లు 1980 దశాబ్దమునుండి ఆ చోటనే యున్నారు. ఇచ్చటను అవే మూడు షరతులు.

చేయవలసినది

కొరత రానిదే ఎవరును కదలరు, కనుక కొరతయే మేలు చేయునని కొందరందురు. ఇందులో కొంత సత్యము కలదు. 1973, 1979 పోటులు లేకున్నచో 1982లో కేంద్ర ప్రభుత్వమున సంప్రదాయేతర ఇంధనముల శాఖ ఏర్పడకపోవును. కాని తొలకరి పడిన తరువాత విత్తనములకై పరుగెత్తినవానికి దొరకునది ఇతరులు ఏరుకొనగా మిగిలిన విత్తనమే. కొరత తలుపు తెరచును. ఇంటిలోనికి సామాను మోసుకొని పోవలసినది మనము. ఆ సామాను ధర తగ్గిన సంవత్సరములందు సిద్ధము చేసికొనవలెను.

గ్రామాధికారులకు, విస్తరణాధికారులకు నా మనవి ఇది. మీ రిజిస్టరులో ఎన్ని కట్టబడినవను గడి ప్రక్కన, నేడు ఎన్ని నడచుచున్నవను గడిని చేర్చవలెను. ఏటికొకమారు ఇల్లిల్లు తిరిగి ఆ గడిని నింపవలెను. మండలమునకు ఇద్దరు యువకులనైన గోబరు గ్యాసు, సోలారు పంపుల మరమ్మతులో తయారుచేయవలెను. కొత్త యంత్రమునకు ఇచ్చు సహాయములో కొంతభాగమును, అది మూడేండ్లు నడచిన పిదప ఇచ్చుట మేలని నా అభిప్రాయము. అప్పుడు కట్టువాడు పారిపోడు, కట్టించుకొన్నవాడు మరచిపోడు.

రైతు సోదరులకు మనవి ఇంకను చిన్నది. ఎవరైన కొత్త ఇంధన యంత్రమును తెచ్చి చూపినప్పుడు ధర అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు అడుగవలెను. దీనికి వేయునది నా ఇంట దొరకునా? దీనితో నాకు ప్రతిదినము పని కలదా? ఇది చెడినప్పుడు సైకిలు మీద పోయి పిలుచుకొని రాదగినంత దూరములో మనిషి కలడా? మూడింటికిని ఔనని సమాధానము వచ్చినచో చమురు ధర ఎట్లున్నను దానిని కట్టించుకొనవచ్చును. ఒక్కదానికైన కాదని వచ్చినచో, ఎంత సహాయము వచ్చినను దూరముగా ఉండుటయే మంచిది.

నూనె ధర మరల పెరుగును. ఏ సంవత్సరమున అన్నది మాత్రమే తెలియదు. ఆనాడు మన ఊళ్లలో తుప్పుపట్టిన డ్రమ్ములు కానవచ్చునా, మండుచున్న నీలిమంటలు కానవచ్చునా అనునది ఆనాడు నిర్ణయమగునది కాదు. ఇప్పుడు, ఎవరును తొందరపెట్టని ఈ రోజులలోనే నిర్ణయమగుచున్నది.